స్టెంట్ లేకుండా బెలూన్‌తోనే సరిపోతుందా? క్యాథ్‌ల్యాబ్‌లో సెకన్లు లెక్కపెట్టేవాడి మాట

ఈ మధ్య నన్ను అందరూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇప్పుడు స్టెంట్ వేయకుండా మందు పూసిన బెలూన్‌తోనే బ్లాక్ తీసేస్తున్నారట కదా, మా నాన్నకి అది చేయించొచ్చా?" అడిగేవాళ్ళు ఎక్కువమంది మీ వయసు వాళ్ళే. ముప్పై సెకన్ల రీల్ ఒకటి చూసి, దాన్ని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టి, తర్వాత నాకు పంపిస్తారు. ఆ రీల్‌లో బెలూన్ వెళ్తుంది, ఉబ్బుతుంది, బ్లాక్ మాయమవుతుంది. అంతే, అయిపోయింది.

ఈ రోజు ఎపిసోడ్ ఆ రీల్‌లో చూపించని దాని గురించి. బెలూన్ మంచిదా, స్టెంట్ మంచిదా అని అందరూ అడుగుతారు. ఆ బెలూన్‌ని ఎలా వాడారు అని ఎవరూ అడగరు. ఫలితంలో చాలా భాగం అక్కడే తేలిపోతుందని నేను కళ్ళారా చూశాను. ఒకసారి నా తప్పు కూడా అందులో ఉంది. అది కూడా చెప్తాను.

ముందు నేనెవరో చెప్పాలి. నేను డాక్టర్‌ని కాదు. గోదావరి జిల్లాలో ఒక ఆసుపత్రిలో క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్‌ని. పదకొండేళ్ళ సర్వీసు. గుండె నాళాల్లో యాంజియోగ్రామ్, యాంజియోప్లాస్టీ చేసే గదిలో డాక్టర్‌గారి పక్కనే ఉంటాను. బీపీ, ఈసీజీ చూస్తుంటాను, అడిగిన సైజు బెలూన్ ప్యాకెట్ అందిస్తాను. బెలూన్ ఉబ్బించాక "పది... ఇరవై... ముప్పై..." అని గట్టిగా సెకన్లు చదివేది కూడా నేనే. కాబట్టి ఈ రోజు నేను చెప్పేది మీ నాన్నగారికి ఏం చేయాలన్న సలహా కాదు. అది ఆయన యాంజియోగ్రామ్ చూసిన కార్డియాలజిస్టే చెప్పాలి. ఆ గదిలో ఏం జరుగుతుందో మీకు అర్థమైతే, డాక్టర్‌గారితో మాట్లాడేటప్పుడు సరైన ప్రశ్న అడగగలుగుతారు. అందుకే ఈ ఎపిసోడ్.

సరే, కొంచెం వెనక్కి వెళ్దాం. 1977 సెప్టెంబర్ 16న స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే డాక్టర్, మెలకువగా ఉన్న మనిషి గుండె నాళంలోకి మొదటిసారి బెలూన్ పంపి బ్లాక్‌ని తెరిచారు. ఆపరేషన్ లేదు, ఛాతీ కోయలేదు. ప్రపంచం ఆశ్చర్యపోయింది. కానీ తర్వాత రెండు సమస్యలు బయటపడ్డాయి. ఒకటి, బెలూన్ తీసేయగానే నాళం రబ్బరులా మళ్ళీ కొంత ముడుచుకునేది. రెండు, గాయం మానేటప్పుడు కండకణాలు పెరిగి కొన్ని నెలల్లో దారి మళ్ళీ పూడుకుపోయేది. నూటికి 30 నుంచి 40 మందికి అలా జరిగేది.

ముడుచుకోకుండా లోపల ఏదైనా ఆసరా పెడదాం అనుకున్నారు. 1986లో ఫ్రాన్స్‌లో జాక్ ప్యూయెల్, స్విట్జర్లాండ్‌లో ఉల్రిక్ సిగ్వార్ట్ మొదటి స్టెంట్లు వేశారు. స్టెంట్ అంటే లోహపు జాలీ గొట్టం. ముడుచుకోవడం ఆగింది, కానీ జాలీ లోపలికి కండ పెరగడం పూర్తిగా ఆగలేదు. అప్పుడు ఆ జాలీకి మందు పూశారు. 2002, 2003 ప్రాంతంలో మందు స్టెంట్లు మార్కెట్లోకి వచ్చాయి. ఈ రోజు మనం స్టెంట్ అంటే దాదాపు అదే. చాలా మంచి పరికరం, ఎన్నో ప్రాణాలు కాపాడింది. దాన్ని తక్కువ చేసి చెప్పే వీడియోలు నమ్మకండి.

మరి ఇబ్బంది ఎక్కడ? ఆ లోహం జీవితాంతం లోపలే ఉంటుంది. కొందరికి కొన్నేళ్ళ తర్వాత ఆ స్టెంట్ లోపలే మళ్ళీ బ్లాక్ వస్తుంది. దాని మీద ఇంకో స్టెంట్, దాని మీద మరొకటి అంటే ఎన్ని పొరలు వేస్తారు? మూడు మిల్లీమీటర్ల గొట్టంలో చోటెక్కడుంది? అలాగే రెండు, రెండున్నర మిల్లీమీటర్ల సన్నటి నాళాల్లో కూడా లోహం పెడితే ఉన్న కాస్త దారీ ఇరుకవుతుంది.

ఇక్కడే జర్మనీ పరిశోధకులు బ్రూనో షెల్లర్, ఉల్రిక్ స్పెక్ వాళ్ళ ఆలోచన పనికొచ్చింది. మందు కావాలి, లోహం వద్దు. అయితే మందుని బెలూన్‌కే పూసేస్తే? 2006లో వాళ్ళ చిన్న ట్రయల్ ఫలితం వచ్చింది. స్టెంట్‌లో మళ్ళీ బ్లాక్ వచ్చిన 52 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు బెలూన్, సగం మందికి మందు పూసిన బెలూన్. ఆరు నెలల తర్వాత మళ్ళీ యాంజియోగ్రామ్ చేస్తే, మామూలు బెలూన్ వాళ్ళలో 43 శాతం మందికి మళ్ళీ పూడుకుంది. మందు బెలూన్ వాళ్ళలో 5 శాతం. ఈ ఫలితంతోనే డ్రగ్ కోటెడ్ బెలూన్ మీద అందరి చూపూ పడింది.

ఇప్పుడు అది పనిచేసే పద్ధతి చూద్దాం. పూసే మందు ఎక్కువగా పాక్లిటాక్సెల్. క్యాన్సర్‌కి వాడే మందే, ఇక్కడ చాలా చిన్న మోతాదులో వాడతారు. కణాలు విడిపోయి పెరగకుండా అడ్డుకుంటుంది. ఇప్పుడు సిరోలిమస్ పూసిన బెలూన్లు కూడా వస్తున్నాయి. మందు ఒక్కటే పూస్తే గోడకి సరిగ్గా ఎక్కదు, అందుకని దానితో పాటు ఇంకో పదార్థం కలుపుతారు. మొదటి ట్రయల్‌లో వాడినది ఐయోప్రమైడ్, అంటే యాంజియోగ్రామ్‌లో నాళాలు కనపడడానికి ఎక్కించే డై లాంటిదే.

మీ ఇంట్లో గోరింటాకు పెట్టుకునే పద్ధతి గుర్తు తెచ్చుకోండి. చేతికి నూనె ఉంటే పండదు. పెట్టి వెంటనే కడిగేస్తే పండదు. చేతికి అంటకుండా పైపైన ఉన్నా పండదు. మందు బెలూన్ కూడా అంతే. గోడ సిద్ధంగా ఉండాలి, మందు గోడకి గట్టిగా ఆనాలి, కాసేపు ఆని ఉండాలి. తేడా ఏంటంటే, గోరింటాకు రాత్రంతా ఉంచుకోవచ్చు. ఇక్కడ మనకి దొరికేది ముప్పై నుంచి అరవై సెకన్లు. ఎందుకంటే బెలూన్ ఉబ్బి ఉన్నంతసేపు ఆ నాళంలో గుండెకి రక్తం వెళ్ళదు. పేషెంటుకి ఛాతీలో నొప్పి కూడా వస్తుంది.

ఇంకో తేడా. గోరింటాకు చెయ్యి మీద నీళ్ళు పోయరు. ఇక్కడ బెలూన్ పారే రక్తంలోంచే వెళ్ళాలి. మణికట్టు దగ్గర మొదలై, చేతి నాళం గుండా, పెద్ద ధమని దాటి, గుండె నాళంలోకి. దారిలో ఆలస్యమైన కొద్దీ మందు రక్తంలో కలిసిపోతూనే ఉంటుంది. కంపెనీల సూచనల్లో కొంచెం తేడా ఉన్నా, మా ల్యాబ్‌లో పెట్టుకున్న లెక్క రెండు నిమిషాలు. లోపలికి వెళ్ళిన దగ్గర్నుంచి ఉబ్బించే దాకా అంతకు మించకూడదు.

ఇక నా తప్పు సంగతి చెప్తాను. పేరు చెప్పను, ఊరు చెప్పను. పెద్దాయన, వడ్రంగి పని. ఆరేళ్ళ కిందట వేరేచోట స్టెంట్ వేయించుకున్నారు. మళ్ళీ ఛాతీ నొప్పి మొదలైంది, మెట్లెక్కితే ఆయాసం. యాంజియోగ్రామ్ చేస్తే పాత స్టెంట్ లోపలే బ్లాక్. మందు బెలూన్ చేద్దామని నిర్ణయం అయింది. నిర్ణయం సరైనదే. స్టెంట్ లోపల వచ్చే బ్లాక్‌కి ఈ బెలూన్ బాగా పనికొస్తుందని అప్పటికే తెలుసు.

అది ఆ రోజు చివరి కేసు. సాయంత్రం ఏడు దాటింది. బయట ఇంకో ఎమర్జెన్సీ వస్తోందని ఫోన్. ముందు ఒక చిన్న మామూలు బెలూన్‌తో దారి తెరిచారు. స్క్రీన్ మీద చూస్తే ఇంకా దాదాపు 40 శాతం ఇరుకుగానే ఉంది. "మందు బెలూన్ వెళ్ళాక తెరుచుకుంటుందిలే" అనుకున్నారు. బెలూన్ పంపారు. నాళం మలుపు దగ్గర ఆగిపోయింది. తోస్తే వెళ్ళదు, కాస్త వెనక్కి లాగి మళ్ళీ తోశారు. నా ఎదురుగా గడియారం ఉంది. రెండు నిమిషాలు దాటింది, మూడు దాటింది. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట కూడా అనలేదు. సెకన్లు చదవడం బెలూన్ ఉబ్బించాకే కదా నా పని అనుకున్నాను.

చివరికి వెళ్ళింది. ఉబ్బించారు. పెద్దాయనకి నొప్పి వచ్చింది, ఈసీజీలో తేడా కనపడింది. ముప్పై సెకన్లకే దించేశారు. చివరి ఫోటోలో నాళం పర్వాలేదనిపించింది. "బాగా అయింది బాబాయ్ గారూ" అన్నాను నేనే. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

ఎనిమిది నెలలకి ఆయన మళ్ళీ వచ్చారు. అదే నొప్పి, అదే చోట బ్లాక్.

ఇలా మళ్ళీ పూడుకోవడానికి ఒక్కటే కారణం ఉండదు. ఆయనకి షుగర్ ఉంది, అది కూడా కారణమే. కానీ ఆ సాయంత్రం మా చేతిలో ఉన్నవి మూడు: దారి బాగా తెరవడం, త్వరగా చేర్చడం, సరిపడా సేపు ఉంచడం. మూడిట్లోనూ తగ్గాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత నేను ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను.

చదివితే తెలిసిందేంటంటే, మేం చేసినది కొత్త తప్పేమీ కాదు. 2018లో దక్షిణ కొరియా డాక్టర్లు అచ్చం ఇలాంటి పేషెంట్లనే, అంటే స్టెంట్‌లో బ్లాక్ వచ్చి మందు బెలూన్ చేయించుకున్న వాళ్ళనే పరిశీలించి ఒక పేపర్ రాశారు. చేసే పద్ధతిలో మూడు అంశాలు దెబ్బతీస్తున్నాయని తేల్చారు. ముందు తెరిచాక కూడా ఇరుకు 20 శాతం లేదా అంతకంటే ఎక్కువ మిగలడం. బెలూన్ సైజు స్టెంట్ సైజు కంటే బాగా చిన్నదవడం, లెక్కలో చెప్పాలంటే 0.91 వంతు లేదా అంతకంటే తక్కువ. ఇక అరవై సెకన్లు దాటకుండానే దించేయడం. ఈ మూడూ సరిగ్గా చేసినవాళ్ళకీ, మూడూ తప్పినవాళ్ళకీ ఫలితంలో చాలా పెద్ద తేడా ఉంది. షుగర్, వయసు మనం మార్చలేం. ఈ మూడూ మాత్రం పూర్తిగా గదిలో ఉన్నవాళ్ళ చేతిలో ఉన్నవే.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2010లో ఇటలీ నుంచి పిక్కొలెటో అనే ట్రయల్ వచ్చింది. సన్నటి నాళాల్లో మందు బెలూన్‌నీ మందు స్టెంట్‌నీ పోల్చారు. బెలూన్ ఎంత వెనకబడిందంటే, ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. "బెలూన్ పనికిరాదు" అన్నారు కొందరు. తీరా చూస్తే, బెలూన్ గుంపులో దాదాపు నాలుగోవంతు మందికే ముందుగా మామూలు బెలూన్‌తో దారి తెరిచారు. మిగతావాళ్ళకి నేరుగా మందు బెలూనే. పదేళ్ళ తర్వాత, 2020లో అదే పరిశోధకుడు బెర్నార్డో కోర్టెసే పిక్కొలెటో 2 ఫలితాలు ఇచ్చారు. ఈసారి 232 మంది, కొత్త రకం బెలూన్, ఎక్కువమందికి ముందే దారి తెరిచారు. ఆరు నెలలకి చూస్తే బెలూన్ వైపు దారి సగటున 0.04 మిల్లీమీటర్లు తగ్గింది, స్టెంట్ వైపు 0.17. బెలూన్ కూడా మారింది కాబట్టి క్రెడిట్ అంతా పద్ధతికే ఇవ్వకూడదు. కానీ ముందు సిద్ధం చేయకుండా బెలూన్‌ని తప్పుపట్టడం సరికాదని అందరికీ అర్థమైంది.

అలాంటిదే బాస్కెట్ స్మాల్ 2 అనే ట్రయల్, 2018లో. 3 మిల్లీమీటర్ల కంటే సన్నటి నాళాలున్న 758 మంది. అక్కడ చిన్న కిటుకు ఉంది, గమనించండి. ముందు అందరికీ మామూలు బెలూన్‌తో తెరిచారు. అది బాగా తెరుచుకున్న వాళ్ళనే ట్రయల్‌లోకి తీసుకుని, అప్పుడు బెలూనా స్టెంటా అని చీటీ తీసినట్టు పంచారు. ఏడాదికి గుండెపోటు, మరణం, మళ్ళీ చికిత్స లాంటివి బెలూన్ వాళ్ళలో 7.5 శాతం, స్టెంట్ వాళ్ళలో 7.3 శాతం. దాదాపు సమానం. కాబట్టి "బెలూన్ స్టెంట్‌తో సమానం" అని రీల్‌లో చెప్పినప్పుడు, అందులో మిగిలిపోయిన మాట "ముందు దారి బాగా తెరుచుకుంటే" అనేది.

మరి ఆ గదిలో వరసగా ఏం జరగాలో చెప్తాను. మొదటిది, బ్లాక్‌ని సిద్ధం చేయడం. మేం లీజన్ ప్రిపరేషన్ అంటాం. 0.014 అంగుళం మందం ఉన్న సన్నటి తీగ బ్లాక్ దాటాక, నాళం సైజుకి దగ్గరగా ఉన్న మామూలు బెలూన్ తీసుకుంటారు. నాళం సైజుతో పోలిస్తే 0.8 నుంచి 1 వంతు ఉండాలని నిపుణుల సూచన. మరీ చిన్నదైతే దారి తెరుచుకోదు, మరీ పెద్దదైతే నాళం చిరుగుతుంది. బ్లాక్ గట్టిగా ఉంటే చిన్న బ్లేడ్లున్న కటింగ్ బెలూన్, తీగలున్న స్కోరింగ్ బెలూన్ వాడతారు. సున్నంలాంటి క్యాల్షియం పేరుకుంటే షాక్‌వేవ్ బెలూన్, రోటాబ్లేషన్ లాంటివి ఉన్నాయి. అవసరమైతే ఐవస్ లేదా ఓసీటీ అనే చిన్న కెమెరాలాంటి పరికరం లోపలికి పంపి నాళం గోడని లోపల్నుంచి చూస్తారు.

రెండోది, ఆగి చూడడం. ఇది చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే అందరికీ తొందరే. తెరిచాక కొన్ని నిమిషాలు ఆగి మళ్ళీ ఫోటో తీయాలి. నాళం మళ్ళీ ముడుచుకుందా? ఇరుకు 30 శాతం లోపే ఉందా? రక్తం ధారగా పారుతోందా? గోడలో చిరుగు ఎంత పెద్దది? చిరుగు అనగానే భయపడకండి. బెలూన్ వేస్తే లోపలి పొరలో చిన్న చిరుగులు రావడం మామూలే. వాటిని ఎ నుంచి ఎఫ్ వరకు రకాలుగా చెప్తారు. ఎ, బి అంటే చిన్నవి, వాటంతట అవే మానతాయి. సి నుంచి పైకి అయితే, లేదా రక్తం పారడం తగ్గితే, అప్పుడు మందు బెలూన్ ఆలోచన పక్కన పెట్టి స్టెంట్ వేయాలి.

మూడోది, సరైన బెలూన్. మందు బెలూన్ పని దారి తెరవడం కాదు, మందు అంటించడం. నాళం సైజుకి సరిపోవాలి. పొడవు కూడా ముఖ్యం. ముందు మామూలు బెలూన్ తాకిన ప్రతి చోటునీ మందు కప్పాలి, అటూ ఇటూ 2, 3 మిల్లీమీటర్లు ఎక్కువే ఉండాలి. మామూలు బెలూన్ గాయం చేసిన చోట మందు తగలకపోతే, సరిగ్గా ఆ అంచు దగ్గరే మళ్ళీ పూడుకుంటుంది.

నాలుగోది, వేగం. ప్యాకెట్ తీశాక పూతని వేళ్ళతో ముట్టకూడదు, సెలైన్‌లో ముంచకూడదు. మలుపులు తిరిగిన నాళమైతే ముందే సపోర్టు సిద్ధం చేసుకోవాలి, బెలూన్ మధ్యలో ఇరుక్కున్నాక కాదు. అయిదోది, సమయం. ఎక్కువ ప్రెజర్ పెట్టకుండా, కంపెనీ చెప్పిన మామూలు ప్రెజర్‌లోనే, కనీసం ముప్పై సెకన్లు, వీలైతే అరవై. పేషెంటు తట్టుకోగలిగినంత. ఒక బెలూన్ ఒక్కసారికే. మొదటిసారి ఉబ్బించినప్పుడే మందు చాలావరకు అయిపోతుంది, అదే బెలూన్‌ని ఇంకో బ్లాక్‌కి వాడితే ఉపయోగం లేదు.

ఇన్ని చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి, లేకపోతే నేనూ రీల్ చేసినవాడిని అవుతాను. అన్నీ సరిగ్గా చేసినా, అన్నిచోట్లా బెలూన్ స్టెంట్‌తో సమానం కాదు. 2024లో చైనా నుంచి రెక్ కేజ్‌ఫ్రీ 1 అనే పెద్ద ట్రయల్ వచ్చింది. 2272 మంది, కొత్తగా వచ్చిన బ్లాకులు, సైజుతో సంబంధం లేకుండా. ముందు దారి బాగా తెరుచుకున్నవాళ్ళనే తీసుకున్నారు. అయినా రెండేళ్ళకి సమస్యలు బెలూన్ వాళ్ళలో 6.4 శాతం, స్టెంట్ వాళ్ళలో 3.4 శాతం. తేడా ఎక్కువగా పెద్ద నాళాల్లోనే కనపడింది. అంటే పెద్ద నాళంలో కొత్త బ్లాక్ ఉంటే స్టెంట్ వైపే మొగ్గు. అదే ఏడాది అమెరికాలో ఏజెంట్ అనే ట్రయల్, స్టెంట్‌లో బ్లాక్ వచ్చిన 600 మంది. మందు బెలూన్‌తో ఏడాదికి 17.9 శాతం మందికి సమస్య, మామూలు బెలూన్‌తో 28.6 శాతం. 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ గుండె నాళాలకి మొదటి మందు బెలూన్‌ని అనుమతించింది, అది ఈ ఏజెంట్ బెలూనే. కాబట్టి ఎవరికి, ఎక్కడ అనేది మొదటి ప్రశ్న. ఎలా చేశారన్నది రెండో ప్రశ్న. రెండూ కావాలి.

మొన్నామధ్య ఒక అమ్మాయి వచ్చింది, బీటెక్ మూడో సంవత్సరం. నాన్నని తీసుకొచ్చింది. ఫోన్‌లో వీడియోలు చూపించి "సార్, స్టెంట్ వద్దు, బెలూనే చేయండి" అని డాక్టర్‌గారిని బతిమాలింది. నాళం సన్నదే, డాక్టర్‌గారు కూడా బెలూన్‌కే సరే అన్నారు. లోపల బ్లాక్ తెరిచాక ఆగి చూస్తే పెద్ద చిరుగు వచ్చింది, రక్తం ధార తగ్గింది. స్టెంట్ వేశారు. ఆయన బాగున్నారు. కానీ ఆ అమ్మాయి బయట ఏడుస్తూ నన్ను పట్టుకుంది. "అన్నా, మోసం చేశారు. బెలూన్ అని చెప్పి స్టెంట్ వేశారు."

నేను స్క్రీన్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. "ఇదిగో చెల్లీ, ఇది తెరవక ముందు. ఇది తెరిచాక. ఈ గీత కనపడుతోందా, ఇది చిరుగు. ఇలాగే మందు బెలూన్ వేసి పంపేస్తే మీ నాన్నగారి నాళం ఈ రాత్రే మూసుకుపోయే ప్రమాదం ఉంది. సార్ ఆగి చూశారు కాబట్టి పట్టుకోగలిగారు." చాలాసేపు చూసింది. "మరి ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా. బెలూన్ అనుకున్నా మధ్యలో స్టెంట్ అవసరం రావచ్చని ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు. ఇప్పుడు మా దగ్గర ఆ మాట ముందే చెప్తున్నాం.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఇది చేయాల్సి వస్తే, నాలుగు ప్రశ్నలు రాసుకోండి. ఒకటి, బ్లాక్ కొత్తదా, పాత స్టెంట్ లోపలా? రెండు, ఆ నాళం సైజు ఎంత? మూడు, ముందు దారి తెరిచాక ఎలా ఉంటే బెలూన్, ఎలా ఉంటే స్టెంట్ వేస్తారు? నాలుగు, తర్వాత రక్తం పలచబడే రెండు రకాల మాత్రలు ఎన్నాళ్ళు వాడాలి? మామూలు ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ళకి బెలూన్ మాత్రమే అయితే నెల రోజులు రెండు మాత్రలు చాలని నిపుణులు చెప్తారు. గుండెపోటుతో వచ్చినవాళ్ళకి ఇంకా ఎక్కువ కాలం. మీ ఇంటి మనిషికి ఎంత అనేది డాక్టర్‌గారే చెప్పాలి. స్టెంట్ లేదు కదా అని మాత్రలు మీకు మీరే ఆపేయకండి. ఈ ప్రశ్నలు మర్యాదగా, ప్రొసీజర్‌కి ముందు రోజు అడగండి. టేబుల్ మీద పడుకున్నాక కాదు. మంచి డాక్టర్ ఎవరూ వీటికి కోప్పడరు. ఇక సిగరెట్, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మాత్ర, ఇవి బెలూన్‌కీ స్టెంట్‌కీ రెండిటికీ అవసరమే.

చివరిగా ఆ వడ్రంగి పెద్దాయన సంగతి. రెండోసారి ఆయన్ని తీసుకున్నప్పుడు ముందు ఓసీటీతో లోపల చూశారు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఆరేళ్ళ కిందటి స్టెంటే ఒకచోట పూర్తిగా విచ్చుకోలేదు, వెనక క్యాల్షియం పట్టి ఉంది. ముందుసారి చిన్న బెలూన్‌తో తెరుచుకోకపోవడానికి కారణం అదే. ఈసారి ఎక్కువ ప్రెజర్ తట్టుకునే గట్టి బెలూన్‌తో ఓపిగ్గా విప్పారు. ఆగారు. మళ్ళీ చూశారు. మలుపు దాటడానికి సపోర్టు ముందే పెట్టుకున్నారు. మందు బెలూన్ లోపలికి వెళ్ళగానే నేను మొదలుపెట్టాను, "పది... ఇరవై..." అని. డాక్టర్‌గారు నా వైపు ఒకసారి చూసి తలూపారు. నలభై అయిదు సెకన్లకి చేరింది. ఉబ్బించాక మళ్ళీ మొదటి నుంచి చదివాను. అరవై దాకా. పెద్దాయన పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నారు.

తర్వాత వార్డులో ఆయనకి రెండుసార్లకీ తేడా ఏంటో చెప్పాను. మొదటిసారి నేను గడియారం చూసి కూడా మాట్లాడలేదని కూడా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "చిత్రిక పట్టకుండా చెక్కకి వార్నిష్ వేస్తే నిలుస్తుందా బాబూ? మా పనిలో అయితే కుర్రాళ్ళని తిడతాం" అన్నారు. నేను తల దించుకున్నాను. "ఇకనించి గట్టిగా చదువు" అన్నారు.

అప్పట్నుంచి మా ల్యాబ్‌లో మందు బెలూన్ లోపలికి వెళ్ళిన క్షణం నుంచే నేను గట్టిగా చదువుతున్నాను. రెండు నిమిషాలు దగ్గరపడితే "సార్, టైమ్" అంటాను. ఇప్పటిదాకా ఎవరూ విసుక్కోలేదు. ఆ పెద్దాయన ఏడాదిన్నర అయింది, నడకకి వెళ్తున్నారు, షుగర్ అదుపులో ఉంది, సంక్రాంతికి మనవడికి చెక్క బండి చేశారట.

ఇదండీ ఈ రోజు ఎపిసోడ్. ఈసారి ఆ రీల్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లోకి వస్తే, దాని కింద ఆ నాలుగు ప్రశ్నలు కూడా పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో యాంజియోగ్రామ్ రిపోర్ట్ ఎలా చదవాలో మాట్లాడుకుందాం. అమ్మానాన్నల మాత్రలు అయిపోయాయేమో ఇవాళ ఒకసారి చూడండి. ఉంటాను మరి, నమస్తే.